మూత తీసిన పాతర

ఆ పొద్దున ఆకాశం మొరుసుపల్లెను మళ్ళీ మోసం చేసింది. తెల్లవారుతుండగా తూర్పున నల్లటి మేఘం ఒకటి లేచి, ఊరి మీదికి వచ్చి, ఆడవాళ్ళు చూరు కింద బిందెలు పెట్టుకునేదాకా ఆగి, ఒక్క చినుకైనా రాల్చకుండా పడమటి కొండ దాటి వెళ్ళిపోయింది. కాసేపటికి కొండ దోవలో ఎర్రటి దుమ్ము లేచింది. పాతర గడ్డ మీద కూర్చుని నార పేనుతున్న మాలకొండయ్య తలెత్తి చూసి, మేఘం పోయినా గాలి తిరిగొస్తోందే అనుకున్నాడు. వచ్చింది గాలి కాదు, జీపు.

జీపులోంచి ఇద్దరు దిగారు. ముందు దిగినాయన విశ్వంభరరావు, జిల్లా వెల్లడి అధికారి. అలాంటి అధికారి ఒకడు ఉంటాడని జిల్లాకు అప్పటిదాకా తెలియదు. వెనక దిగినాయన దానియేలు. యాభై దాటిన మనిషి, ఇంకా జూనియర్ అసిస్టెంటు.

వాళ్ళు అక్కడిదాకా ఎందుకొచ్చారో తెలియాలంటే రాజధానిలో జరిగింది చెప్పాలి. కిందటేడు అక్కడ అద్దాల మేడలో ఉండే ఒక పెట్టుబడి సంస్థ జనం దగ్గర పోగేసినదంతా తీసుకుని, మేడను మాత్రం అక్కడే వదిలి మాయమైపోయింది. జనం గోల పెట్టారు. ప్రైవేటు పెట్టుబడి నిధులన్నీ ఎవరి దగ్గర తెచ్చాయో, ఎవరికి పెట్టాయో, ఎక్కడ పోగొట్టాయో నలుగురి ముందూ చెప్పి తీరాలని ప్రభుత్వం ఒక చట్టానికి ముసాయిదా రాసింది. రాసిన నాడు అది మంచి ముసాయిదానే. తర్వాత దాన్ని పెద్దల సంఘానికి పంపారు.

నిధుల వాళ్ళు ఒక్కొక్కరే సంఘం ముందుకొచ్చి కళ్ళు తుడుచుకున్నారు. మా లెక్కలు తెలిస్తే జనానికి మా మీద నమ్మకం పోతుందన్నారు. అది న్యాయంగానే తోచి, నమ్మకం పోయే అవకాశమున్న నిధులను మినహాయించారు. నష్టాల్లో ఉన్నవాటిని, పుండు మీద కారం చల్లడం ఎందుకని మినహాయించారు. లాభాల్లో ఉన్నవాటిని దిష్టి తగులుతుందని మినహాయించారు. పరాయి దేశాల్లో డబ్బు దాచినవాటిని, అంత దూరం వెళ్ళి అడగడం మర్యాద కాదని మినహాయించారు. మరీ పెద్దవాటిని కదిలిస్తే దేశం కదులుతుందన్నారు కనుక వాటి జోలికే పోలేదు. చివరికి ముసాయిదా చక్కగా మిగిలింది గానీ అది వర్తించడానికి నిధి అంటూ ఒకటి మిగల్లేదు.

అయితే అప్పటికే వెల్లడి శాఖ పుట్టింది. జీపులు వచ్చాయి. అధికారులు కుర్చీల్లో కూర్చున్నారు. బిల్లు సభకు పోయేలోగా ప్రయోగాత్మకంగా జిల్లాకొక నిధినైనా వెల్లడి చేయించి చూపించాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. విశ్వంభరరావు జిల్లా అంతా గాలించి విసిగిపోయి ఉండగా, మొరుసుపల్లెలో ఊరంతా కలిసి ఏదో పోగేస్తారనీ, అందులోంచి ఎవరు తీసుకుంటారో ఎవరికీ తెలియదనీ బస్సులో ఎవరో చెప్పుకుంటుండగా ఆయన చెవిన పడింది. ఆయన మధ్యలోనే బస్సు దిగి జీపు పిలిపించుకున్నాడు.

ఊరు పోగేసేది జొన్నలు. కోతలయ్యాక ప్రతి ఇల్లూ కలిగినంతలో తెచ్చి గడ్డ మీది పాతరలో పోస్తుంది. గోతి గోడలకు పేనిన గడ్డి ఆనించి, నోటికి బండ మూసి, బండ చుట్టూ పేడ కలిపిన మట్టి మెత్తుతారు. గాలి చొరదు, పురుగు చొరదు. ప్రతి అమావాస్య సాయంత్రం మాలకొండయ్య బండ జరిపి, లోపలి ఆవిరి పోయాక, తాడు కట్టిన గంప పక్కన పెట్టి, వేపకొమ్మకు వేలాడే పాత నాగటి కర్రును రాయితో మోగిస్తాడు. ఆ మోత వినగానే ఊళ్ళో తలుపులన్నీ మూసుకుంటాయి. ఇంట్లో గింజ లేనివాళ్ళు తలమీదుగా గొంగడి కప్పుకుని వచ్చి తీసుకుపోతారు. చివర వచ్చినవాళ్ళు బండ మూసి మట్టి మెత్తిపోతారు. అంతసేపూ మాలకొండయ్య పాతరకు వీపు పెట్టి, కొండవైపు తిరిగి నార పేనుతుంటాడు. అడుగుల చప్పుడును బట్టి మనిషిని పోల్చుకునే ప్రమాదం ఉంది కనుక గొంతెత్తి కూనిరాగం తీస్తుంటాడు. ఆ ఊళ్ళో పాతర కాపు అంటే వీపు చూపించే ఉద్యోగం. వాళ్ళ నాయనా అదే చేశాడు, తాతా అదే చేశాడు.

అయినా కన్నున్నవాడు ఎప్పుడో ఒకప్పుడు చూస్తాడు. పోయిన కరువులో ఒక తెల్లవారుజామున, ఆరీ ఆరని మట్టి మీద ఒక అరచేతి ముద్ర అతని కంటబడింది. చిటికెన వేలు బయటికి వంకర తిరిగి ఉంది. ఎద్దు పలుపు బిగిసి విరిగి, వంకరగా అతుక్కున్న ఆ వేలు ఊళ్ళో ఒక్కరికే ఉంది. పెద్దింటి మంగపతమ్మకు. ఆమె మామగారి కాలంలో సగం పాతర ఆ ఇంటి బండ్లతోనే నిండేది. బోర్లు ఎండిపోయాయి, మొగుడు పోయాడు, ఆమె మాత్రం ఇప్పటికీ వీధిలో వెన్ను నిటారుగా నడుస్తుంది. మాలకొండయ్య చెంబుతో నీళ్ళు చల్లి ఆ ముద్రను చెరిపేశాడు. ఆనాటినుంచి వెలుతురు రాకముందే వెళ్ళి, చూపుతో పని లేకుండా చేత్తో తడిమి చెరిపేస్తున్నాడు. పెళ్ళాం పోలమ్మకు కూడా చెప్పలేదు.

విశ్వంభరరావు గడ్డ ఎక్కి గొంతు సవరించుకున్నాడు.

"నిధి నామధేయం?"

"పాతరంటాం సారూ."

"నిర్వాహకుడు?"

"నేను దీని కాపుని."

"పెట్టుబడిదారులు?"

"ఊరు."

"పెట్టుబడిపై రాబడి?"

మాలకొండయ్య ఆలోచించాడు. "ఆకలైతే తింటారు సారూ."

"నష్టభయాలు?"

"పందికొక్కులు."

విశ్వంభరరావు ముఖం విప్పారింది. "రాసుకోవయ్యా దానియేలూ. నష్టభయాలను నిర్వాహకుడు నిస్సంకోచంగా అంగీకరించాడు. రాజధానిలో ఇంత పెద్ద మనసు ఒక్కడికీ లేకపోయింది." మళ్ళీ ఇటు తిరిగాడు. "ఇక ముఖ్యమైన అంశం. లబ్ధిదారులు?"

"తెలవదు."

"తెలవదంటే?"

"చూళ్ళేదు సారూ."

"ఎందుకు చూడలేదు?"

"చూసేదైతే ఎవురైనా కూచుంటారు గదా. చూడకుండా ఉండేదానికే నన్ను పెట్టింది."

అధికారి ఒక అడుగు వెనక్కి వేసి, పాతరను, మాలకొండయ్యను, చెట్టుకు వేలాడే కర్రును మార్చి మార్చి చూశాడు. "చూడకపోవడం అలక్ష్యం," అన్నాడు మెల్లగా. "చూడకుండా ఉండటానికి ప్రత్యేకంగా మనిషిని నియమించుకోవడం వ్యవస్థీకృత గోప్యత. దానికి గంట కూడానా! ఇంత పకడ్బందీ ఏర్పాటు పెద్ద పెద్ద నిధుల్లో కూడా నేను చూడలేదు." కోప్పడుతున్నాడేమోనని మాలకొండయ్య బెదిరాడు గానీ, ఆ గొంతులో ఉన్నది కోపం కాదు. తప్పిపోయిన బర్రె దొరికినవాడి సంతోషం.

"ఇందులో శిక్ష లేదు, భయపడకు," అన్నాడు జీపెక్కుతూ. "కేవలం స్వచ్ఛంద వెల్లడి. స్వచ్ఛందంగా చేయనివారి చేత తప్పనిసరిగా స్వచ్ఛందంగా చేయించే అధికారం మాకు ఉంటుంది."

మర్నాడు టముకు వేయించి ఊరందరినీ బడి వరండాలో కూర్చోబెట్టారు. విశ్వంభరరావు మైకు పట్టుకున్నాడు. మైకు అవసరం లేనంత చిన్న వరండా అది.

"ప్రియమైన పెట్టుబడిదారులారా! చీకటి మాటున లావాదేవీలు జరిగే రోజులు అంతరించాయి. ఈ నిధి నుండి ఎవరెవరు ఎంతెంత ఉపసంహరించుకున్నారో ఇప్పుడు, ఇక్కడ, అందరూ వినేలా తమంతట తాము ప్రకటించాలని కోరుతున్నాం. ఎవరూ ప్రకటించని పక్షంలో ఈ నిధికి లబ్ధిదారులు లేనట్టు భావించి, ధాన్యాన్ని ప్రభుత్వ గిడ్డంగికి తరలిస్తాం."

వానల్లేని ఏడు. పాతర పోతే ఊళ్ళో సగం పొయ్యిలు ఆరిపోతాయని అందరికీ తెలుసు. ఆ సగం ఎవరివో తెలియకుండా బతకడానికి ఊరు ఇన్నేళ్ళు తలుపులు మూసుకుంది.

మాలకొండయ్య చూడకూడదనుకుంటూనే చివరి స్తంభం వైపు చూశాడు. మంగపతమ్మ కొంగు కింద దాచుకున్న కుడిచెయ్యి బయటికి తీసి, లేవడానికి నేలకు ఆనించింది. వంకర వేలు గచ్చు మీద తెల్లగా కనపడింది. తన ఒక్కదాని పరువు పోతే ఊరి గింజలు మిగులుతాయని లెక్క వేసుకుందని అతనికి అర్థమైంది. ఏదో ఒకటి అనాలనుకున్నాడు. ఏళ్ళ తరబడి మాట్లాడకుండా ఉండటమే పనిగా బతికినవాడికి మాట ఎక్కణ్ణుంచి వస్తుంది?

అంతలో ముందు వరసలో పళ్ళూడిన చెంచమ్మ చెయ్యెత్తింది. ఇంటి నిండా గాదెలున్న ముసలమ్మ. "నేనే తీసకపోయినా. రాసుకో నాయనా."

"ఎంత?"

"గంపెడు."

వెనకనుంచి బండి ఏడుకొండలు పకపకా నవ్వాడు. "గంపంట! నిలబడ్డానికే ఇద్దరు పట్టుకోవాల, ఈ అవ్వ గంప మోసిందంట! సారూ, నేను మూట తీసకపోయినా, మూట!"

"ఒరే, మూట మోసే మొగమేనా నీది? నీ పెళ్ళాం మోసుంటది," అంది చెంచమ్మ. "నాది మూడు మూటలని రాయి నాయనా. ఇందాక సిగ్గుపడి తక్కువ చెప్పినా."

"మూడు మూటలేందే అవ్వా, మా ఇంటికి బండి తోలినా నేను," అన్నాడు ఇంకొకాయన.

"బండా? జోడు బండ్లు మావి!"

"ఆ ఎడ్లు నావే గదరా, బాడిగిచ్చినావా?"

ఇక దాన్ని ఆపడం ఎవరి తరమూ కాలేదు. ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ పోటీలు పడి తీసుకున్నారు. పాతరలో ఒక్క గింజా ముట్టని మోతుబరులు పుట్లకు పుట్లు ఒప్పుకున్నారు. మేకను కొనడానికి వచ్చిన పొరుగూరాయన, ఊరికే కూర్చుంటే బాగుండదని తన పేరు కూడా ఇచ్చాడు. విశ్వంభరరావు చెమట తుడుచుకోవడానికి కూడా తీరిక లేకుండా "నిదానంగా, నిదానంగా, అందరికీ అవకాశం ఇస్తాం" అంటున్నాడు.

అందరివీ అయ్యాక చివరి స్తంభం వైపు తిరిగాడు. "మీరేమ్మా?"

వరండా సద్దుమణిగింది. మంగపతమ్మ కూర్చున్న చోటునుంచే, తలెత్తి, ఎప్పటి గొంతుతోనే చెప్పింది. "అమావాస్యకు రెండు గంపలు."

ఒక్క క్షణం ఆగి వరండా అంతా ఫక్కున నవ్వింది. పెద్దింటామె కూడా పరాచికానికి దిగింది చూడండ్రా అని ఏడుకొండలు తొడ చరుచుకున్నాడు. అన్ని అబద్ధాల మధ్య ఆ ఒక్క నిజం ఎవరి కంటా పడకుండా వెళ్ళి కూర్చుంది. మాలకొండయ్య ఒక్కడే నవ్వలేదు. అందరికంటే చివర తన వంతు వచ్చినప్పుడు లేచి, పది బండ్లని చెప్పి కూర్చున్నాడు.

దానియేలు అధికారి చెవి దగ్గరకు వంగాడు. "సార్, వీళ్ళు చెప్పిన గింజలు ఈ గోతిలో కాదు గదా, ఈ కొండ తవ్వినా పట్టవు."

"ముసాయిదా చదివావా నువ్వు?"

"చదివాను సార్."

"అందులో వెల్లడి గురించి ఉంది. నిజం గురించి ఎక్కడైనా ఉందా?"

దానియేలు గుర్తు చేసుకుని చూశాడు. లేదు.

ఊరు గట్టెక్కాననుకుంది. కానీ వెల్లడి అంత తేలిగ్గా వదిలేది కాదు. చెప్పినది బోలెడు, కనపడేది ఒక గొయ్యి. అంటే మిగతాది ఎక్కడో దాచారని పై కార్యాలయం తేల్చింది. నిధి ఆస్తులు ప్రజలకు సర్వకాలాల్లోనూ కనపడుతూ ఉండాలన్న క్లాజును మొరుసుపల్లె మీద ప్రయోగించమంది. గడ్డపారలతో మనుషులు దిగి, మట్టి మెత్తు పగలగొట్టి, బండను ఎత్తి జీపులో వేసుకున్నారు. దాన్ని రాజధానిలో, గోప్యతకు వాడే సాధనాల ప్రదర్శనలో పెడతారట. పాతర నోటికి ఇనుప ఊచల చట్రం బిగించి దానికి చిన్న తలుపు పెట్టారు. పక్కన వెల్లడించిన పేర్ల బోర్డు, బోర్డు పక్కన కుర్చీ, కుర్చీ మీద గొడుగు, గొడుగు కింద మైకుతో దానియేలు. గింజలు కావలసినవారు ఆయనకు పేరు చెప్పాలి. ఆయన మైకులో ఊరికి చెప్పాలి. అప్పుడు తలుపు తీస్తారు.

"గాలి తగిల్తే పురుగు పడతాది సారూ," అన్నాడు మాలకొండయ్య.

"గాలి తగిలితే పాడయ్యేదాన్ని ఎలా నమ్మమంటావయ్యా? సత్తా ఉన్న నిధి గాలికి భయపడదు."

"వాన పడితే?"

విశ్వంభరరావు తలెత్తి ఆకాశం చూశాడు. మబ్బు తునక లేదు. "అవాంఛనీయ ఊహాగానాలు చేసి పెట్టుబడిదారులను ఆందోళనకు గురి చేయకు."

ఆ తర్వాత గడ్డ మీదికి జనం రాక ఎక్కువైంది. పక్క జిల్లాల వెల్లడి అధికారులు వచ్చి ఊచల్లోంచి తొంగిచూసి, తమ జిల్లాల్లో ఇలాంటిదొకటి లేకపోయిందే అని నిట్టూర్చారు. ఒకనాడు రాజధాని నుంచి పెద్ద నిధుల పెద్దమనుషులు నల్ల కళ్ళద్దాలతో దిగారు. పాతర వాసనకు ముక్కులు మూసుకుని, ఆ చేతులే మళ్ళీ తీసి చప్పట్లు కొట్టారు. "ఇదీ నిజాయితీ అంటే! ఈ నిజాయితీ ప్రతి పల్లెకూ పాకాలి," అన్నాడు అందరిలోకీ లావుపాటి ఆయన. మీ లెక్కలు ఎప్పుడు చెప్తారని ఎవరూ అడగలేదు. ఆయనా జ్ఞాపకం చేయలేదు.

అమావాస్య వచ్చింది. మాలకొండయ్య అలవాటు కొద్దీ కర్రు మోగించి కొండవైపు తిరిగి కూర్చున్నాడు. తలుపులు మూసుకున్నాయి. ఎవరూ రాలేదు.

"ఎవరూ రారేం మామా?" అన్నాడు దానియేలు. వచ్చిన రెండో రోజునుంచే ఆయన మాలకొండయ్యను మామా అంటున్నాడు. మధ్యాహ్నం పూట పోలమ్మ పెట్టే సంకటి తింటున్నాడు మరి.

"నువ్వుండావు గదా."

"నేనేం చేశాను?"

"కూచున్నావు."

మాలకొండయ్య కళ్ళు ఊరి మీదికి పోయాయి. కూడు ఉడికే పొయ్యి పొగకు ఒక నిలకడ ఉంటుంది. సన్నగా లేచి చాలాసేపు నిలుస్తుంది. పెద్దింటి కప్పు మీది పొగ రోజూ గుప్పున లేచి వెంటనే చచ్చిపోతోంది. ఎసరు పెట్టని పొయ్యిలో గడ్డి అంటించిన పొగ అది. ఇరుగు పొరుగు చూడటం కోసం పెట్టిన పొగ.

మర్నాడు పోలమ్మ చేతికి ముంతెడు సంకటి ఇచ్చి, ఎందుకో చెప్పకుండా పెద్దింటికి పంపాడు. పోలమ్మ ముంతతోనే తిరిగొచ్చింది. "ఇప్పుడే తిన్నానంది. వట్టి చేతుల్తో ఎందుకు పోతావని రెబ్బెడు కరేపాకు తుంచి ఇచ్చింది. బాగా చిక్కింది గానీ ఏందయ్యా, జొరమా ఆమెకు?"

మాలకొండయ్య ఆ సాయంత్రం తానే గంప తీసుకుని గడ్డ ఎక్కాడు. దానియేలు తలుపు తీయబోయి ఆగి, పైవాళ్ళకు ఫోను చేశాడు. విశ్వంభరరావు గొంతు గడ్డంతా వినపడింది.

"నిర్వాహకుడే తీసుకుంటాడా? అది స్వప్రయోజన సంఘర్షణ! కుదరదు. పరుల కోసమైతే ఆ పరుల పేరు ప్రకటించమను."

మాలకొండయ్య గంప బోర్లించి దాని మీద కూర్చున్నాడు. మైకు పక్కనే ఉంది. ఒక్క పేరు చెబితే తలుపు తెరుచుకుంటుంది. ఆ పేరు చెప్పాక గింజలు ఎవరికి తీసుకుపోవాలి? ఆ ఇంట్లో అవి తినే మనిషి ఉండదు.

దానియేలు గొడుగు కర్రను గోకుతూ కూర్చుని, "పోనీ, వచ్చే అమావాస్యకు నేను కళ్ళు మూసుకుంటా మామా," అన్నాడు.

"నువ్వు మూసుకుంటే చాలదబ్బయ్యా. మూసుకున్నావని ఆమెకు..." మాలకొండయ్య నాలుక కరుచుకున్నాడు. "వాళ్ళకు తెలవాల గదా."

దానియేలు విన్నాడు. విని, గొడుగు సరిచేసుకునే నెపంతో లేచి అటు తిరిగి నిలబడ్డాడు. ఆయన చాలాసేపు ఇటు తిరగలేదు. వెల్లడి శాఖలో ఆయన చేసిన మొదటి తప్పు అదే.

ఆ అమావాస్య రాకముందే ఒకనాటి మధ్యాహ్నం జీపు మళ్ళీ వచ్చింది. ఈసారి ముందు భాగానికి పూలదండ ఉంది. పొద్దుటినుంచీ ఉక్కపోత. కొండ వెనక ఆకాశం నల్లగా ఉబ్బుతోంది గానీ, మోసపోయి మోసపోయి ఉన్న ఊరు దాన్ని పట్టించుకోలేదు. జనం గడ్డ చుట్టూ చేరారు. విశ్వంభరరావు ముఖంలో మునుపెన్నడూ లేని వినయం ఉంది. మాలకొండయ్యకు నమస్కారం పెట్టాడు.

"అయ్యా, నిర్వాహకులవారూ! మీరంతా ఆనాడు వెల్లడించిన ఉపసంహరణలన్నిటినీ పై కార్యాలయం కూడింది. రాష్ట్రంలోకెల్లా అతి పెద్ద నిధి ఇదే అని తేలింది. అతి పెద్ద నిధులకు ముసాయిదా వర్తించదని మీకు మనవి చేసుకుంటున్నాను. తమవంటివారిని కదిలిస్తే దేశం కదులుతుంది. కనుక ఇంతవరకు వెల్లడించినదంతా వెల్లడించనట్టుగా భావించవలసిందిగా కోరుతున్నాం. చెప్పినవారు చెప్పినది మరిచిపోవాలి. విన్నవారు విన్నది మరిచిపోవాలి. బోర్డు మీద గోనె కప్పిస్తాం. తమకు కలిగిన అసౌకర్యానికి..."

మొదటి చినుకు ఆయన ముక్కు మీద పడింది.

"మూత యాడ సారూ?" అన్నాడు మాలకొండయ్య.

"ఏ మూత?"

"పాతర బండ."

బండ రాజధాని ప్రదర్శనలో ఉంది. దానికి ప్రశంస కూడా వచ్చింది.

ఏడాదిగా రాని వాన ఒక్కసారిగా వచ్చింది. కొండ మీదినుంచి గోడ కూలినట్టు వచ్చింది. అటువంటి వాన కోసం ఊరు మొక్కని దేవుడు లేడు. ఇప్పుడు అదే వానను చూసి ఆడవాళ్ళు కేకలు పెట్టారు. దానియేలు గొడుగు పీకి ఊచల మీద కప్పాడు. గాలి దాన్ని లాక్కుపోయింది. జీపు మీది పట్టా లాగి కప్పారు. బడి తలుపు ఊడబీకి తెచ్చి కప్పారు. ఊచల సందుల్లోంచి ఎర్రనీళ్ళు ధారగా దిగుతూనే ఉన్నాయి. ఏడుకొండలు గొడ్డలితో చట్రాన్ని మట్టిలోంచి పెకలించి, నడుముకు తాడు కట్టుకుని గోతిలోకి దిగాడు. పైన గంపలు చేతులు మార్చడానికి మనుషులు వరస కట్టారు. గొంగళ్ళు లేవు, మూసిన తలుపులు లేవు. వానలో అందరి ముఖాలూ ఒక్కలాగే ఉన్నాయి. విశ్వంభరరావు కొంతసేపు "నష్టాన్ని అంచనా వేయాలి, ఎవరూ ముట్టుకోవద్దు" అని అరిచి, ఎవరో ఆయన చేతికి తడి గంప ఇచ్చేసరికి మాట ఆపి దాన్ని పక్కవాళ్ళకు అందించాడు.

ఎత్తగలిగినంత ఎత్తారు. మిగతాది బురదలో కలిసిపోయింది. ఊరి గింజలు ఉన్న చోట ఇప్పుడు ఒక నీటి గుంట ఉంది. ఎత్తినవి కూడా నానిపోయాయి. ఆరబెట్టడానికి ఎండ లేదు, విసరడానికి వీల్లేదు, రేపటికి మొలకెత్తుతాయి. వాటితో చేయగలిగింది ఒకటే. బడి వరండాలో గంగాళాలు ఎక్కించి, ఉప్పు వేసి, ఉన్నవన్నీ ఉడకబెట్టారు. పాతర జొన్నల పులుపు వాసన బడంతా నిండింది.

ఉడికాక మాలకొండయ్య వానలో తడుస్తూ గడ్డ ఎక్కి నాగటి కర్రును మోగించాడు. అన్నేళ్ళూ ఆ మోతకు మూసుకున్న తలుపులు మొదటిసారి తెరుచుకున్నాయి. గాదెలున్న ఇంటివాళ్ళూ వచ్చారు, గడ్డి పొగ పెట్టే ఇంటివాళ్ళూ వచ్చారు. పాడైపోయే గింజను అందరూ తిని అవగొట్టాలి కనుక ఆ పూట తినడానికి వచ్చిన మనిషిని ఎందుకొచ్చావని అనుకునేవాళ్ళు లేరు.

వరసలు మాలకొండయ్యే తీర్చాడు. ఎదురెదురుగా కాదు, అందరూ కొండవైపే తిరిగి, ఒక వరస వీపు వెనక ఇంకో వరస. మంగపతమ్మ చివర వచ్చింది. చివరి వరసలో, స్తంభం పక్కన, వెన్ను నిటారుగా కూర్చుంది. మాలకొండయ్య ఆకులో గుగ్గిళ్ళు పెట్టాడు, మళ్ళీ పెట్టాడు. గరిటె ఎటుపోతోందో చూడకుండానే ఇంకోసారి పెట్టి ముందుకు వెళ్ళిపోయాడు.

జీపు చక్రాలు బురదలో దిగిపోవడంతో విశ్వంభరరావు కూడా ఒక ఆకు ముందు కూర్చున్నాడు. కొంచెంసేపటికి అలవాటు చొప్పున మెడ తిప్పి వెనక వరసల ఆకులవైపు చూడబోయాడు.

"నీ ఆకులో చూసి తిను నాయనా," అంది పక్కనున్న చెంచమ్మ.

ఆయన మెడ ముందుకు తిరిగింది. మాలకొండయ్య తన ఆకు తీసుకుని అందరికంటే ముందు, అందరికీ వీపు పెట్టి కూర్చుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. ఆ రోజు అతను కూనిరాగం తీయలేదు. వెనక ఎవరు ఎంత ఆకలిగా తింటున్నారో వాన చప్పుడులో ఏమీ వినపడటం లేదు.